వాక్‌మన్ ఎందుకు వెనుకబడెను?

వేంపల్లె వంటి ఊళ్లలో పాటను ఇంటికి తెచ్చు సాధనములు ఒక జీవితకాలములోనే నాలుగు మారినవి. మొదట రేడియో, పిమ్మట కాసెట్టు, ఆ పిమ్మట సీడీ, నేడు చేతిలోని ఫోను. శ్రావణమాసమున గండి క్షేత్రమునకు పోవు భక్తులు వినునవి నాటి ఆంజనేయ భజనలే; వానిని మోయు పెట్టె మాత్రమే మారినది. ఈ మార్పులలో ఒక మహాసంస్థ తాను సృష్టించిన రంగమునందే ఓడిపోయినది. ఆ ఓటమికి కారణమేమో విచారింతము.

1946లో టోక్యో నగరమున ఇబుకా, మోరిటా అను ఇరువురు మిత్రులు స్థాపించిన చిన్న కర్మాగారమే తరువాత సోనీ సంస్థ అయినది. 1955లో ఆ సంస్థ ట్రాన్సిస్టరు రేడియోను అమ్మకమునకు తెచ్చెను. 1979 జులై 1వ తేదీన వాక్‌మన్ వెలువడెను. అందు లౌడ్‌స్పీకరు లేదు; రికార్డు చేయు వసతియు లేదు. అట్టి యంత్రమును ఎవరు కొందురని సంస్థలోని వారే సందేహించిరి. కాని నడచుచు, పనిచేయుచు, ఒంటరిగా పాట వినవలెనను కోరిక జనులలో ఎంత బలమైనదో మోరిటా గ్రహించెను. కాసెట్టు వాక్‌మన్‌లు ఇరువది కోట్లకు పైగా అమ్ముడుపోయినవి.

1988లో సోనీ అమెరికాలోని సీబీఎస్ రికార్డుల సంస్థను కొనెను. నాటి నుండి యంత్రము చేయువారును, పాటకు హక్కుదారులును ఒక్కరే అయిరి. ఇది బలమని అందరును తలచిరి. కాని యంత్రము చేయువాడు పాట సులభముగా చేతులు మారవలెనని కోరును. పాట యజమాని ప్రతి నకలును నష్టముగా లెక్కించును. ఒకే ఒరలో రెండు కత్తులు ఇముడునా?

ఇంతలో ఎమ్‌పీ3 అను పద్ధతి వ్యాపించెను. దాని కిటుకు మన చెవి స్వభావములోనే కలదు. పెండ్లిలో డోలు గట్టిగా మ్రోగినపుడు ప్రక్కన గాజుల సవ్వడి మనకు వినబడదు. అట్లే పెద్ద ధ్వని మాటున మరుగుపడు చిన్న ధ్వనులను వదలివేసినచో, పాట సీడీలో ఆక్రమించు చోటులో ఇంచుమించు పదవ వంతులో ఇముడును. వినువానికి లోపము అంతగా తోచదు.

1999లో సోనీ ఈ తరహా చిన్న వాక్‌మన్‌ను చేసెను. కాని అది ఎమ్‌పీ3 పాటలను నేరుగా స్వీకరింపదు. సోనీవారి సొంత పద్ధతియగు అట్రాక్‌లోనికి వానిని మార్పవలెను. ఆ మార్పు కంప్యూటరులో, వారి సాఫ్ట్‌వేరుతోనే జరుగవలెను. దొంగ నకళ్లను అడ్డుకొనుటకు వేసిన ఈ తాళము, న్యాయముగా కొన్నవానికే ఎక్కువ ఇబ్బంది కలిగించెను.

2001 అక్టోబరు 23న ఆపిల్ సంస్థ ఐపాడ్‌ను ప్రకటించెను. వెల 399 డాలర్లు. వేయి పాటలు పట్టును. 2003లో పాటల అంగడిని తెరచి, ఒక్కొక్క పాటను 99 సెంట్లకు అమ్మసాగెను. ఆపిల్ అమ్మిన పాటలకును తాళము ఉండెడిది. కాని కొన్నవాని వద్ద ముందే ఉన్న ఎమ్‌పీ3 పాటలను ఐపాడ్ కాదనలేదు. భేదమెల్ల ఇచ్చటనే యున్నది.

సోనీ 2004లో 20 గిగాబైట్ల వాక్‌మన్‌ను విడుదల చేసెను. అది చిన్నది, బ్యాటరీయు ఎక్కువసేపు నిలుచును. అయినను ఎమ్‌పీ3ని మార్పక తప్పలేదు. ఆ సంవత్సరాంతమున ఆ నియమమును సడలించిరి గాని, అప్పటికే కాలము మించినది. 2004లో తెరచిన సోనీ పాటల అంగడి 2008లో మూతపడెను. జపానులో కాసెట్టు వాక్‌మన్ తయారీ 2010లో నిలిచెను. గెలిచిన ఐపాడ్ సైతము, పాటను ఫోను మ్రింగివేయుటచే, 2022లో ముగిసెను. నేటికిని వాక్‌మన్ పేరుతో పరికరములు వచ్చుచున్నవి గాని పూర్వపు ప్రాభవము లేదు.

సోనీకి నేర్పు కొరవడలేదు. వినువాని పక్షమున నిలుచు ఓర్పు కొరవడినది. వేంపల్లె చేరువనున్న ఇడుపులపాయలో సాంకేతికవిద్య నభ్యసించు యువకులకును, కొప్పర్తి పారిశ్రామికవాడలో యంత్రములు చేయువారికిని ఇది పనికివచ్చు పాఠము.

గృహస్థులకు మరొక పాఠము కలదు. యంత్రములు పోవును, వానితో మన గొంతులును పోవును. మీ ట్రంకుపెట్టెలో తాతగారి నాటకపద్యములో, అవ్వ పాడిన పెండ్లిపాటలో ఉన్న కాసెట్టు ఉండవచ్చును. టేపు ఏటేట క్షీణించును. దానిని పాడించు యంత్రము దొరకుట కష్టమగుచున్నది. కనుక దానిని ఏ యంత్రమైనను స్వీకరించు పద్ధతిలోనికి ఇప్పుడే ఎక్కించి, రెండు తావుల దాచుకొనుడు. పాటను మరల కొనవచ్చును. అవ్వ గొంతును కొనలేము.