విత్తనంలో నిలిచిన వారసత్వం: వ్యవసాయ విశ్వవిద్యాలయ ప్రస్థానం

మెదక్ జిల్లా మనోహరాబాద్ మండలం హైదరాబాద్‌కు ఉత్తరాన, 44వ జాతీయ రహదారి వెంట ఉన్నది. 2016 నాటి పునర్వ్యవస్థీకరణలో ఏర్పడిన ఈ మండలంలో ఒకవైపు కర్మాగారాలు, రైలు మార్గం విస్తరిస్తుండగా, మరొకవైపు బోరుబావుల కింద వరి సాగు కొనసాగుతున్నది. ఇక్కడి రైతు వద్దకు రాజేంద్రనగర్‌లోని వ్యవసాయ విశ్వవిద్యాలయం ప్రధానంగా విత్తనం రూపంలోనే చేరుతుంది. కావున ఆ సంస్థ వారసత్వాన్ని, నూతన నాయకత్వం ముందున్న కర్తవ్యాన్ని విత్తనం వైపు నుండి పరిశీలించడం సముచితం.

పునాదులు

హైదరాబాద్ సంస్థానంలో 1946లో ఉస్మానియా విశ్వవిద్యాలయం పరిధిలో వ్యవసాయ కళాశాల ఏర్పడినది. స్వాతంత్ర్యానంతరం రాధాకృష్ణన్ కమిషన్ గ్రామీణ విశ్వవిద్యాలయాల ఆవశ్యకతను గుర్తించినది. బోధన, పరిశోధన, విస్తరణలను ఒకే సంస్థలో అనుసంధానించే అమెరికా ల్యాండ్ గ్రాంట్ కళాశాలల నమూనాను అనుసరించి, 1960లో పంత్‌నగర్‌లో దేశపు తొలి వ్యవసాయ విశ్వవిద్యాలయం ప్రారంభమైనది. 1964 జూన్ 12న ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం అవతరించినది. 1965 మార్చి 20న నాటి ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రి దానిని లాంఛనంగా ప్రారంభించారు. 1996లో ఆ సంస్థ ఆచార్య ఎన్.జి. రంగా పేరును స్వీకరించినది. రాష్ట్ర విభజన అనంతరం 2014లో తెలంగాణకు ప్రత్యేక విశ్వవిద్యాలయం ఏర్పడి, ప్రొఫెసర్ కొత్తపల్లి జయశంకర్ (1934–2011) పేరును ధరించినది.

ఒక వంగడపు వంశవృక్షం

సంస్థలు విడిపోయినను పరిశోధన వారసత్వం విడిపోలేదనుటకు తెలంగాణ సోనా (ఆర్.ఎన్.ఆర్. 15048) చక్కని నిదర్శనం. 2015లో విడుదలైన ఈ సన్నగింజ రకానికి ఒక జనకం జగిత్యాల పరిశోధన కేంద్రపు జె.జి.ఎల్. 3855, మరొకటి పశ్చిమ గోదావరి జిల్లా మారుటేరులో రూపొందిన ఎం.టి.యు. 1010, అనగా కాటన్‌దొర సన్నాలు. ఈ రెండవదాని జనకాలలో ఒకటి ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ అందించిన ఐ.ఆర్. 64. రాజేంద్రనగర్ శాస్త్రవేత్తల కృషికి ఉత్తర తెలంగాణ, గోదావరి డెల్టా, ఆగ్నేయాసియాల పరిశోధన ఫలాలు ఈ విధంగా ఆధారమైనవి.

దీని పంటకాలం సుమారు 125 రోజులు. సాంబ మసూరి పంటకాలం సుమారు 150 రోజులు. మాగాణిలో రోజుకు 8 మిల్లీమీటర్ల చొప్పున నీటి అవసరాన్ని లెక్కించినను, 25 రోజులలో 200 మిల్లీమీటర్లు, అనగా ఎకరానికి సుమారు 8 లక్షల లీటర్లు ఆదా అగును. భూగర్భ జలంపై ఆధారపడిన మెదక్ రైతుకు ఈ వ్యత్యాసం యాసంగిలో చివరి తడి అందుటకు, అందకపోవుటకు మధ్యనున్న తేడా కావచ్చును. అగ్గితెగులును తట్టుకొనుట, తక్కువ గ్లైసిమిక్ సూచిక ఈ రకానికి గల ఇతర విశిష్టతలు.

నూతన నాయకత్వం

2024 అక్టోబరులో వ్యవసాయ ఆర్థికవేత్త ఆచార్య ఆల్దాస్ జానయ్య ఉపకులపతిగా బాధ్యతలు స్వీకరించారు. అదే సంవత్సరాంతంలో విశ్వవిద్యాలయం వజ్రోత్సవాలను జరుపుకొన్నది. 2025 వేసవిలో శాస్త్రవేత్తలు గ్రామాలకు తరలివెళ్లి రైతులతో ముఖాముఖి చర్చించారు. గ్రామగ్రామాన నాణ్యమైన విత్తనం లభించవలెనన్న లక్ష్యంతో, ఎంపిక చేసిన రైతులకు మూల విత్తనం అందించే కార్యక్రమం జూన్‌లో మొదలైనది.

ఈ కార్యక్రమానికి శాస్త్రీయమైన బలమున్నది. వరి స్వపరాగ సంపర్కపు పంట కావున రైతు తన విత్తనాన్ని తానే నిలుపుకొనగలడు. ఒక ఎకరంలో 20 క్వింటాళ్ల శుద్ధ విత్తనం లభించినచో, ఎకరానికి 25 కిలోల చొప్పున తదుపరి పంటకు 80 ఎకరాలకు సరిపోవును. అయితే ఇతర రకాల నుండి కనీసం 3 మీటర్ల వేర్పాటు దూరం, పూత, గింజ దశలలో కేళీల ఏరివేత, నూర్పిడి యంత్రాల శుభ్రత, నిల్వలో 13 శాతం మించని తేమ తప్పనిసరి. వీటిలో ఏ ఒక్కటి లోపించినను కల్తీ గ్రామమంతటికీ వ్యాపించును. కావున మూల విత్తనం అందజేతతో విస్తరణ శాస్త్రవేత్త బాధ్యత ముగియదు. కోత వరకు పొలం చూడవలసి ఉండును.

భూమి అనే ప్రశ్న

2024 ఆరంభంలో రాజేంద్రనగర్‌లోని విశ్వవిద్యాలయ భూములలో 100 ఎకరాలను నూతన హైకోర్టు సముదాయానికి కేటాయించినపుడు విద్యార్థులు ఆందోళన చేశారు. న్యాయస్థానానికి స్థలం అవసరమే. అయితే పరిశోధన క్షేత్రం విలువ దాని విస్తీర్ణంలో మాత్రమే లేదు. ఏ మడిలో ఎన్నేళ్లుగా ఏ ఎరువు వేసిరో, ఏ పంట తరువాత ఏది పండించిరో తెలిపే చరిత్ర ఆ నేలతోనే ముడిపడి ఉండును. అట్టి దీర్ఘకాలిక ప్రయోగాన్ని మరొక చోటికి తరలించుట సాధ్యం కాదు. కర్మాగారాల నడుమ పొలం నిలుపుకొనుచున్న మనోహరాబాద్ రైతుకు, నగరం నడుమ ప్రయోగ క్షేత్రాన్ని కాపాడుకొనుచున్న విశ్వవిద్యాలయానికి ఈ విషయంలో ఎదురైన సమస్య ఒకటే.

ఆరు దశాబ్దాల కీర్తి పూర్వ విద్యార్థులకు సహజంగానే గర్వకారణం. ఆ గర్వంలో రైతుకును భాగం కలుగవలెనన్నచో, ఈ ఏడు అందిన మూల విత్తనం మూడవ పంటనాటికి కూడ అదే స్వచ్ఛతతో ఆ ఊరి మడులలో నిలిచియుండవలెను. నూతన నాయకత్వపు కృషిని, విస్తరణ విభాగపు దీక్షను గ్రామం కొలిచేది అప్పుడే.