పాల లెక్కల కంప్యూటరుకు కొత్త సవరణలు వేసేటప్పుడు

సభ్యుడు ఏ పూట ఎన్ని లీటర్లు పోసిందీ, వెన్న శాతం ఎంత వచ్చిందీ, పక్షపు బిల్లులో ఎంత సొమ్ము రావలసిందీ ఇప్పుడు చాలా సంఘాలలో పుస్తకంలో గాక కంప్యూటరులోని డేటాబేసులో ఉంటున్నాయి. ఆ డేటాబేసును తయారుచేసేవారు ఎప్పటికప్పుడు సవరణలు విడుదల చేస్తుంటారు. "బాగానే నడుస్తోంది గదా, ఎందుకు కదిలించటం" అని వాటిని వదిలేయరాదు. అలాగని పాలు పోసే వేళ వేయనూ రాదు.

పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ అనే డేటాబేసునే తీసుకుందాం. ఇందులో 16.4 నుండి 16.6కు మారటం చిన్న సవరణ. లెక్కల ఫైళ్ళు ఉన్నవి ఉన్నట్లే ఉంటాయి. డేటాబేసును ఆపి, ప్రోగ్రాము మార్చి, మళ్ళీ నడిపిస్తే సాధారణంగా సరిపోతుంది. 15 నుండి 16కు మారటం అలా కాదు. లోపలి ఫైళ్ళ తీరే మారుతుంది గనుక లెక్కలన్నిటినీ కొత్తదానిలోకి మార్చుకోవాలి. ఒక్కొక్క పెద్ద వెర్షనుకు సుమారు ఐదేళ్ళు మాత్రమే సవరణలు వస్తాయి. 12వ వెర్షనుకు 2024 నవంబరుతో ఆగిపోయాయి.

చిన్న సవరణే గదా అని సూచనల పత్రం చదవకుండా వేయటం మంచిది కాదు. 14వ వెర్షనులో 14.3 వరకు ఒక లోపం ఉండేది. డేటాబేసు నడుస్తుండగానే ఒక పద్ధతిలో సూచికను తయారుచేస్తే అది చెడిపోయే ప్రమాదం ఉండేది. సూచిక చెడితే ఖాతాలో పాలు ఉన్నా వెతికినప్పుడు కనిపించకపోవచ్చు. సభ్యునికి దీనికంటే నష్టం ఏముంటుంది? 2022 జూన్‌లో 14.4తో లోపం పోయింది గాని, అప్పటికే చెడిన సూచిక దానంతటది బాగుపడదు, తిరిగి కట్టుకోవాలి. ఆ సంగతి సూచనల పత్రంలోనే ఉంది. అలాగే 2024 నవంబరు 14న వచ్చిన సవరణల వల్ల కొన్ని అనుబంధ ప్రోగ్రాములకు ఇబ్బంది రాగా, సరిగ్గా వారానికే, 21న, మరొకటి విడుదల చేయవలసి వచ్చింది. కావున ముందు వేరే కంప్యూటరులో వేసి చూడండని మా సలహా.

పక్షపు బిల్లు చెల్లించిన మరునాడు, ఉదయం సేకరణ ముగిశాక పని మొదలుపెట్టండి. ముందు లెక్కల పూర్తి నకలు వేరే డిస్కులో తీయండి. ఆ నకలును మరొక కంప్యూటరులో తెరిచి, గత పక్షపు మొత్తం లీటర్లు, సొమ్ము సరిచూడండి. ఇద్దరు ముగ్గురు సభ్యుల పాసుపుస్తకాలతో కూడా పోల్చండి. ఆ అంకెలు కాగితంపై రాసుకుని, సవరణ వేశాక మళ్ళీ చూడండి. పెద్ద వెర్షను మార్చేటప్పుడు డిస్కులో చోటు మిగులుతుందని పాత ఫైళ్ళనే కలిపి వాడుకునే పద్ధతి ఒకటుంది. అందులో కొత్తది ఒకసారి నడిచాక పాతదాన్ని నిర్భయంగా వాడలేము. రెండింతల చోటు పట్టినా నకలు పద్ధతే మేలు.

ఇంకొక సంగతి. సాయంత్రం పాలు కొత్తదానిలో ఎక్కాక ఏదో తేడా కనిపించి పాత నకలుకు వెళితే ఆ పూట లెక్క పోతుంది. అందుచేత ఆ సాయంత్రం, మరునాటి ఉదయం చేతి రిజిస్టరు కూడా రాయండి. సభ్యులు ఆ రెండు పూటల చీటీలు బిల్లు వచ్చేదాకా పారేయకుండా ఉంచుకోవాలి.