బహుపది ప్రమేయాల రేఖాచిత్రణ: విలువల పట్టిక పరిమితులు, నిర్మాణ పఠనం

వ్యాససంగ్రహం

కొన్ని పూర్ణాంకాలకు విలువలు కట్టి, వచ్చిన బిందువులను కలపడమే బహుపది రేఖాచిత్రణ అన్న అభిప్రాయం పాఠశాల నుండి కళాశాల దాకా కొనసాగుతున్నది. ఈ పద్ధతి ఏయే సందర్భాలలో తప్పు ఆకృతిని ఇస్తుందో, పరిమాణం, కారణాంకాలు, గుర్తుల పరిశీలన ద్వారా ఆ లోపాన్ని ఎలా సవరించుకోవచ్చునో ఈ వ్యాసం సోదాహరణంగా వివరిస్తుంది.

కీలకపదాలు: బహుపది, పరిమాణం, శూన్యాలు, కారణాంకాలు, రేఖాచిత్రం, గణిత బోధన.

1. ఉపోద్ఘాతం

పదవ తరగతి గణితంలో ‘బహుపదులు’ అధ్యాయం ఒక కీలకమైన భావనను పరిచయం చేస్తుంది. బహుపది రేఖాచిత్రం అడ్డ అక్షాన్ని తాకే లేదా ఖండించే స్థానాలే ఆ బహుపది శూన్యాలు. బీజగణిత సమీకరణాన్ని జ్యామితీయ వక్రంగా చూడగలిగే ఈ దృష్టికి 1637లో వెలువడిన రెనె దెకార్త్ ‘లా జ్యామెట్రీ’ గ్రంథం బలమైన పునాది వేసింది. ఇంటర్మీడియట్‌లో విద్యార్థి నేర్చే అవకలనం, గరిష్ఠ కనిష్ఠ విలువలు ఈ దృష్టిమీదనే ఆధారపడతాయి. కనుక ఇక్కడ ఏర్పడిన అపోహ పై తరగతులకూ పాకుతుంది.

భారతీయ బీజగణితంలో అవ్యక్తరాశిని ‘యావత్తావత్’ అని, సంక్షిప్తంగా ‘యా’ అని సూచించే సంప్రదాయం ఉంది. దానిని అనుసరించి ఈ వ్యాసంలో చలరాశిని ‘య’ అని, బహుపది విలువను ‘ర’ అని వ్యవహరిస్తున్నాను.

2. పట్టిక దాచే విషయాలు

ర = య³ − య అనే ఘన బహుపదిని తీసుకుందాం. య విలువలు −1, 0, 1 అయినప్పుడు ర విలువ మూడుసార్లూ సున్నయే. ఈ మూడు బిందువులను మాత్రమే గుర్తించి కలిపితే అక్షం మీదనే పడుకున్న సరళరేఖ వస్తుంది. వాస్తవానికి −1, 0ల మధ్య వక్రం సుమారు 0.385 ఎత్తుకు లేచి దిగుతుంది. 0, 1ల మధ్య అంతే లోతుకు దిగి పైకి వస్తుంది. −2, 2లకు వచ్చే −6, 6 విలువలను పట్టికలో చేర్చినా ఈ రెండు మలుపులు బయటపడవు.

రెండవ ఉదాహరణ మరింత ప్రమాదకరమైనది. ర = 9య² − 9య + 2 లో య స్థానంలో ఏ పూర్ణాంకాన్ని ప్రతిక్షేపించినా ధన విలువే వస్తుంది. 0 కి 2, 1 కి 2, −1 కి 20, 2 కి 20. ఈ పట్టికను మాత్రమే నమ్మిన విద్యార్థి ‘వాస్తవ శూన్యాలు లేవు’ అని తీర్మానిస్తాడు. కాని ఆ బహుపది (3య − 1)(3య − 2)కు సమానం. 1/3, 2/3 దాని శూన్యాలు. య = 1/2 వద్ద విలువ −1/4.

ఇక్కడ తర్కంలోని దోషాన్ని గుర్తించాలి. బహుపది ప్రమేయం అవిచ్ఛిన్నం. కనుక రెండు స్థానాలలో విలువల గుర్తులు భిన్నమైతే వాటి నడుమ కనీసం ఒక శూన్యం ఉండితీరుతుంది. 1817లో బోల్జానో నిరూపణకు పూనుకున్న మధ్యమ మూల్య సిద్ధాంతం చెప్పేది ఇదే. అయితే గుర్తు మారకపోతే శూన్యం లేదని ఆ సిద్ధాంతం చెప్పదు. పట్టికను నమ్మే విద్యార్థి సిద్ధాంతాన్ని తలక్రిందులుగా వాడుతున్నాడు.

3. ఎన్ని బిందువులు చాలు?

మరిన్ని బిందువులు తీసుకుంటే సమస్య తీరుతుందా? పరిమాణం తెలియనంతవరకు తీరదు. −1, 0, 1 వద్ద సున్న అయ్యే బహుపదులు అనంతం. య³ − య ను ఏ సంఖ్యతో, ఏ బహుపదితో గుణించినా ఆ మూడు స్థానాలలో విలువ సున్నయే. పట్టికలో ఎన్ని వరుసలున్నా ఇదే విధంగా ఆ బిందువులన్నింటి గుండా పోయే వేర్వేరు వక్రాలను నిర్మించవచ్చు.

పరిమాణం ‘న’ను మించదని తెలిస్తే పరిస్థితి మారుతుంది. అప్పుడు న + 1 భిన్న బిందువులు బహుపదిని ఏకైకంగా నిర్ణయిస్తాయి. పైగా న పరిమాణం గల బహుపదికి న కంటె ఎక్కువ వాస్తవ శూన్యాలు గాని, న − 1 కంటె ఎక్కువ మలుపులు గాని ఉండవు. అనగా పట్టికకు అర్థాన్నిచ్చేది పరిమాణ జ్ఞానమే.

కంప్యూటర్ వాడినా ఈ జాగ్రత్త తప్పదు. జియోజెబ్రా వంటి సాఫ్ట్‌వేర్‌లో య³ − య ను −10 నుండి 10 వరకు, మొత్తం ఎత్తు కనబడేటట్లు చూస్తే నిలువు అక్షం −990 నుండి 990 వరకు విస్తరిస్తుంది. ఆ కొలతలో 0.385 ఎత్తున్న మలుపు కంటికి ఆనదు.

4. నిర్మాణాన్ని చదివే క్రమం

ర = య³ − 3య − 2 ను నాలుగు ప్రశ్నలతో పరిశీలిద్దాం.

మొదటిది, చివరలు ఎటు పోతాయి? అత్యధిక ఘాత పదం య³. దాని గుణకం ధనాత్మకం, ఘాతం బేసి. కనుక వక్రం ఎడమ చివర కిందికి, కుడి చివర పైకి సాగుతుంది. ఘాతం సరిసంఖ్య అయితే రెండు చివరలూ ఒకే దిశలో పోతాయి.

రెండవది, శూన్యాలు ఏవి, అక్కడ వక్రం ఎలా ప్రవర్తిస్తుంది? ఈ బహుపది (య + 1)²(య − 2)కు సమానం. కారణాంకం బేసిసంఖ్య సార్లు వస్తే వక్రం అక్షాన్ని దాటుతుంది, సరిసంఖ్య సార్లు వస్తే తాకి వెనుదిరుగుతుంది. కాబట్టి 2 వద్ద దాటుతుంది, −1 వద్ద తాకి మరలుతుంది.

మూడవది, శూన్యాల మధ్య గుర్తు ఏది? −1 కి ఎడమవైపున ఋణం, −1, 2ల మధ్య ఋణం, 2 కి కుడివైపున ధనం.

నాలుగవది, మలుపులు ఎక్కడ? అవకలజం 3య² − 3. అది −1, 1 వద్ద సున్న. −1 వద్ద స్థానీయ గరిష్ఠం 0, 1 వద్ద స్థానీయ కనిష్ఠం −4.

అవకలనం నేర్వని విద్యార్థి సైతం మొదటి మూడు ప్రశ్నలతోనే సరియైన ఆకృతిని గీయగలడు. ఆ తరువాత వేసే పట్టిక ఆ ఆకృతికి కొలతలను సమకూరుస్తుంది.

5. అన్వయం: అట్టపెట్టె

టమాటా మార్కెట్టుకు పేరొందిన మదనపల్లె పరిసరాలలో సరుకు పెట్టెల ప్రస్తావన విద్యార్థులకు కొత్తది కాదు. 30 సెంటీమీటర్ల భుజం గల చతురస్రాకార అట్ట నాలుగు మూలలనుండి య భుజం గల చతురస్రాలను కత్తిరించి, అంచులు మడిచి, మూతలేని పెట్టెను చేశామనుకుందాం. దాని ఘనపరిమాణం ర = య(30 − 2య)². ఈ బహుపది శూన్యాలు 0, 15. వక్రం 0 వద్ద అక్షాన్ని దాటుతుంది, 15 వద్ద తాకి పైకి లేస్తుంది. 5 వద్ద ఘనపరిమాణం 2000 ఘన సెంటీమీటర్లు. 0, 15ల మధ్య ఇదే గరిష్ఠం.

య = 20 వద్ద కూడ బహుపది విలువ 2000. కాని 30 సెంటీమీటర్ల అట్టనుండి 20 సెంటీమీటర్ల చతురస్రాలను నాలుగు మూలలా కత్తిరించడం అసాధ్యం. పెట్టె అడుగు భుజం −10 అవుతుంది. వర్గం చేయడంతో ఆ ఋణ గుర్తు మరుగున పడుతుంది. బహుపది ప్రదేశం వాస్తవ సంఖ్యలన్నీ. పెట్టె సమస్య ప్రదేశం 0, 15ల నడుమ మాత్రమే. ఈ భేదాన్ని సూత్రంకంటె స్పష్టంగా రేఖాచిత్రం చూపుతుంది.

6. బోధనకు సూచనలు

మదనపల్లె సమీపంలోని రిషివ్యాలీ పాఠశాల గణిత కేంద్రం, అజీమ్ ప్రేమ్‌జీ విశ్వవిద్యాలయంతో కలిసి 2012 నుండి ‘ఎట్ రైట్ యాంగిల్స్’ అనే పాఠశాల గణిత పత్రికను వెలువరించింది. ఉపాధ్యాయులకు ఉపకరించే గణిత చర్చకు ఈ ప్రాంతంలో ఉన్న పునాదికి ఇది నిదర్శనం. అటువంటి చర్చ తెలుగులోనూ విస్తరించాలి. నిర్మాణ పఠనానికి నల్లబల్ల, గ్రాఫు కాగితం చాలు గనుక కలకడ వంటి మండల కేంద్రంలోని తరగతి గదిలోనూ దీనిని వెంటనే ఆచరించవచ్చు.

ఇందుకు ఆచరణలో రెండు మార్పులు అవసరం. విలువలు కట్టకముందే కొలతలు లేని చిత్తు ఆకృతిని గీయించాలి. మూల్యాంకనంలో బిందువుల ఖచ్చితత్వానికే గాక, ‘ఈ రెండు బిందువులను ఇలా ఎందుకు కలిపావు?’ అన్న ప్రశ్నకు ఇచ్చే సమాధానానికి కూడ మార్కులు కేటాయించాలి.

7. ముగింపు

పట్టిక అనవసరమని ఈ వ్యాస ఉద్దేశం కాదు. పట్టిక కొన్ని స్థానాలలోని విలువలను చెబుతుంది. వాటి నడుమ ఏమి జరుగుతుందో పరిమాణం, కారణాంకాలు, గుర్తులు చెబుతాయి. బిందువులను కలిపే గీత నిజానికి ఒక ప్రతిపాదన. దానికి ఆధారం చూపగలిగిన విద్యార్థికే బహుపది రేఖాచిత్రం అర్థమైనట్లు భావించాలి.