పాత ట్రైలర్‌కు కొత్త తలుపు

భిలాయి సెక్టర్ 2లో క్వార్టర్ తలుపు పాడైతే వడ్రంగి వచ్చి ద్వారబంధం కొలుచుకుని కొత్త రెక్క బిగిస్తాడు. అదే తలుపు కారు వెనక లాక్కెళ్లే చక్రాల ఇంటిదైతే? అమెరికాలో ట్రావెల్ ట్రైలర్లుగా పిలిచే ఈ బళ్లలో యాభై, అరవై ఏళ్ల నాటివి ఇప్పటికీ రోడ్డెక్కుతున్నాయి. వాటి తలుపులు కొత్తగా దొరకడం కష్టం. అదే మోడల్ పాత బండి నుంచి విప్పి తెచ్చినా చాలాసార్లు ఇమడదు.

కారణం గుమ్మంలోనే ఉంది. ఏళ్ల తరబడి గతుకుల్లో కుదుపులు తిన్న చట్రం ఒక పక్కకు వాలుతుంది. దీర్ఘచతురస్రం సమాంతర చతుర్భుజమవుతుంది. నాలుగు భుజాలూ కొలిస్తే ఈ సంగతి బయటపడదు, వాటి పొడవులు మారవు కాబట్టి. రెండు కర్ణాలూ కొలవాలి. అవి సమానంగా లేకపోతే గుమ్మం వంకరే. అందుకే కొలత పాత తలుపుది కాదు, గుమ్మానిది తీసుకోవాలి. గుండ్రటి మూలలకు అట్టముక్కతో అచ్చు తీయాలి. 1930ల నుంచి వస్తున్న ఎయిర్‌స్ట్రీమ్ ట్రైలర్ల అల్యూమినియం గోడలు వంపు తిరిగి ఉంటాయి. తలుపుకూ ఆ వంపు రావాలి, పనంతటిలోనూ కష్టమైంది ఇదే.

ఇక సందు ఎంత వదలాలి? ఉక్కు వేడికి ఎలా పెరుగుతుందో భిలాయి వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. ఇక్కడి 260 మీటర్ల రైలు పట్టాను బిగించకుండా వదిలేస్తే 50 డిగ్రీల తేడాకు సుమారు 15 సెంటీమీటర్లు పెరుగుతుంది. అల్యూమినియం దాదాపు రెట్టింపు పెరుగుతుంది: 1.8 మీటర్ల తలుపు రేకు అంతే తేడాకు సుమారు 2 మిల్లీమీటర్లు, లోపలి ఉక్కు చట్రం 1 మిల్లీమీటరు. లోపల కర్ర ఉంటే వేడికి పెద్దగా కదలదు కానీ వానాకాలం అడ్డంగా ఉబ్బుతుంది. అందుకే సందు వదిలి రబ్బరు పట్టీతో మూస్తారు.

అల్యూమినియం రేకుకు ఉక్కు మరలు బిగించి వాన నీరు తగలనిస్తే అది చిన్న బ్యాటరీ అయినట్టే. అల్యూమినియం ఎలక్ట్రాన్లు వదులుకుంటూ మర చుట్టూ తినేసుకుపోతుంది, పట్టు సడలుతుంది. విచిత్రమేమంటే, గాల్వనైజ్డ్ రేకులో జింకు ఉక్కును కాపాడేదీ ఈ సూత్రంతోనే. నివారణ సులువు: రెండు లోహాల మధ్య నైలాన్ వాషరు, సీలెంటు, తలుపు అడుగున నీరు కారిపోయే రంధ్రాలు.

బందులు ఏ పక్క పెట్టాలన్నది ప్రాణాలకు సంబంధించిన విషయం. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో ఎదురుగాలి, ఒక చదరపు మీటరు తలుపు దానికి అడ్డంగా తెరుచుకుంటే, దాదాపు 30 కిలోల బరువంత ఒత్తిడితో తోస్తుంది. బందులు ముందువైపు ఉంటే, గొళ్లెం ఊడినా ఆ గాలి తలుపును మూసే దిశలోనే నెడుతుంది. వెనకవైపు ఉంటే విరగ్గొట్టి వెనక వచ్చే బండిపైకి విసరగలదు.

బిగించాక పరీక్షకు కాగితం చాలు. చీలికను తలుపు అంచున పెట్టి మూసి లాగాలి. ఎక్కడ తేలిగ్గా జారి వస్తే వాన నీరు అక్కడే దూరుతుంది.