బొడిపెల మీద బొగ్గుబండి

వెంకటాచలం స్టేషన్లో గూడ్సు బండి పోతుంటే మా అక్క కొడుకు పెట్టెలు లెక్కపెట్టడు. పెట్టెల పక్కన ఉండే నిలువు పట్టీలు లెక్కపెడతాడు. పెట్టెలు మామూలుగా 58 ఉంటాయని వాడికి ఎప్పుడో తెలుసు. కృష్ణపట్నం రేవులో బొగ్గు నింపుకుని వచ్చే బాక్స్-ఎన్ వ్యాగన్ల బండి అది. దాన్ని లెగో ఇటుకలతో కట్టి, మోటారు పెట్టి, మైపాడు దారిలో ఉన్న మా ఇంటి హాల్లో నడిపించాలని వాడి పంతం. వాడికి పన్నెండేళ్లు, నాకు నలభై దాటాయి. పంతం ఎవరిది ఎక్కువో మాత్రం మా అక్కను అడగాలి.

కొనుక్కుందామంటే మన రైలు ఏ డబ్బాలోనూ రాదు. డెన్మార్క్‌లోని బిల్లుండ్ అనే చిన్న ఊళ్లో 1932లో ఒక వడ్రంగి మొదలుపెట్టిన కంపెనీ లెగో. ఇప్పుడు మనం చూసే ఇటుకకు 1958లో పేటెంటు వేసింది, 1966లో బ్యాటరీ మోటారుతో నడిచే రైలు తెచ్చింది. అమెరికా వాళ్ల శాంటాఫే బండి వచ్చింది, స్విట్జర్లాండు ‘క్రొకడైల్’ ఇంజను 2020లో వచ్చింది, ఓరియంట్ ఎక్స్‌ప్రెస్ 2023లో వచ్చింది. గూడూరు మీదుగా మద్రాసు పోయే తెల్లటి డబ్ల్యూఏపీ-7 ఇంజను మాత్రం రాలేదు. నన్నడిగితే అది మన అదృష్టం. పుస్తకంలో బొమ్మ చూసి ముక్కకు ముక్క అతికిస్తే రెండు సాయంత్రాల్లో పనైపోతుంది. మన బండి కావాలంటే ముందు వెళ్లి మన బండిని చూడాలి.

చూశాక లెక్క మొదలవుతుంది. లెగో పట్టాల మధ్య ఎడం సుమారు 37.5 మిల్లీమీటర్లు, మన బ్రాడ్‌గేజి 1676. భాగిస్తే దాదాపు 45. అంటే నిజం రైలును 45వ వంతుకు కుదిస్తే ఆ పట్టాల మీద సరిగ్గా కూర్చుంటుంది. ఇటుక మీద బొడిపెకూ బొడిపెకూ మధ్య 8 మిల్లీమీటర్లు. ఈ రెండు అంకెలూ తెలిస్తే చాలు, ప్లాట్‌ఫారం మీద కనిపించే ప్రతి వస్తువునూ బొడిపెల్లో కొలిచేయొచ్చు.

మావాడు మొదట ఎక్స్‌ప్రెస్ బండే కావాలన్నాడు. ఎవరికైనా అదే కదా ముద్దు. ఇప్పటి ఎర్ర ఎల్‌హెచ్‌బీ పెట్టె పొడవు సుమారు 23.5 మీటర్లు. 45వ వంతు అంటే అరమీటరు దాటింది, దాదాపు 65 బొడిపెలు. కాగితం మీద బాగానే ఉంది. మలుపు దగ్గరికి వచ్చేసరికి కథ అడ్డం తిరిగింది. లెగో మలుపు పట్టాలు పదహారు కలిపితే గుండ్రం పూర్తవుతుంది, దాని వ్యాసార్థం 40 బొడిపెలు, అంటే 32 సెంటీమీటర్లు. నిజం కొలతలో ఇది 14 మీటర్లు. ఆటో తిరగడానికి సరిపోతుందేమో గానీ రైలుకు చాలదు. మన రైల్వేలో బ్రాడ్‌గేజికి అతి బిగువైన మలుపు వ్యాసార్థమే 175 మీటర్లు. దాన్ని కుదించినా దాదాపు 4 మీటర్లు వస్తుంది. చుట్టు పూర్తి కావాలంటే మా హాలు కాదు, కల్యాణ మండపం మాట్లాడుకోవాలి. 104 బొడిపెల వ్యాసార్థం ఉన్న పెద్ద మలుపులు చేసి అమ్మే వేరే సంస్థలు ఉన్నాయి. అదీ 83 సెంటీమీటర్లే. అందుకే ఈ హాబీలో ఉన్నవాళ్లు ప్యాసింజరు పెట్టెను అడ్డంగా తగ్గించకుండా పొడవులో సగానికి కత్తిరిస్తారు. కిటికీలు సగం పోతాయి. దూరం నుంచి చూస్తే అదే పెట్టె, దగ్గరికి వస్తే అది ఎవరో పొట్టి చుట్టం.

అప్పుడు గుర్తొచ్చింది బొగ్గుబండి. బాక్స్-ఎన్ వ్యాగన్ పొడవు 10.7 మీటర్లు. కుదిస్తే 24 సెంటీమీటర్లు, సరిగ్గా 30 బొడిపెలు. ఒక్క బొడిపె కూడా కత్తిరించక్కర్లేదు, బిగువు మలుపులోనూ తిరుగుతుంది. మూత లేదు, కిటికీ లేదు, నాలుగు గోడలూ ముదురు గోధుమరంగే. ప్యాసింజరు రైళ్ల వెంటపడి మనం ఎప్పుడూ సరిగా చూడని ఆ మురికి వ్యాగనే లెగో ఇటుకల్లో అచ్చంగా దిగుతుంది. నెల్లూరు తీరంలో ఈ సరదా మొదలుపెట్టేవాళ్లకు నా సలహా ఒక్కటే: మొదటి బండి గూడ్సే కట్టండి.

ఇక్కడొక మాట. మనకు బోగీ అంటే రైలుపెట్టె. ‘ఎస్-4 బోగీ ఎక్కడాగుతుంది’ అని కూలీని అడుగుతాం. రైల్వే వర్క్‌షాపులో బోగీ అంటే పెట్టె కింద విడిగా తిరిగే చక్రాల చట్రం. రెండు చక్రాల జతలను బిగించిన ఆ చట్రం పెట్టెతో సంబంధం లేకుండా మలుపు వైపు తిరగబట్టే అంత పొడుగు పెట్టె పట్టా మీద నిలుస్తోంది. లెగో రైలు మోటారు కూడా సరిగ్గా ఇలాంటి చట్రమే. లోపల మోటారు, బయట నాలుగు చక్రాలు, పైన తిరగడానికి ఒక్క కీలు. అది చేతిలోకి వచ్చాకే మావాడికి రెండు బోగీలకూ తేడా తెలిసింది. నిజం చెప్పాలంటే నాకూ అప్పుడే.

మోటారు ఉంటే సరిపోదు, అది పట్టాను పట్టుకోవాలి. ప్లాస్టిక్ చక్రం ప్లాస్టిక్ పట్టా మీద జారుతుంది. అందుకే మోటారు చక్రాలకు సన్నటి రబ్బరు వలయాలుంటాయి. వాటి మీద బరువు పడితేనే పట్టు. ఆరు సన్న పెన్సిల్ సెల్స్ పట్టే బ్యాటరీ డబ్బాను సరిగ్గా మోటారు నెత్తిన పెట్టడం అందుకే. మేం మొదట దాన్ని వెనక వ్యాగన్లో దాచాం, ఇంజను అందంగా ఉండాలని. చక్రాలు గిర్రున తిరిగాయి, బండి కదల్లేదు. 123 టన్నుల డబ్ల్యూఏజీ-9 ఇంజనుకు అంత బరువు ఎందుకో ఆ పూట అర్థమైంది. బరువే దాని పట్టు.

చార్జింగ్ సెల్స్ వేస్తే ఇంకో చిక్కు. మామూలు సెల్లు ఒకటిన్నర వోల్టు, చార్జింగ్‌ది 1.2. ఆరింటికీ కలిపి తొమ్మిది రావలసింది ఏడు చిల్లరే వస్తుంది. బండి కాస్త నీరసంగా పోతుంది. గూడ్సుకు ఆ నడకే అందం అని సరిపెట్టుకున్నాం.

ఈ రైళ్ల చరిత్రలో నాకు నచ్చిన తమాషా ఒకటుంది. నిజం రైలు మొదట నిప్పు, నీళ్లు, బొగ్గు తనే మోసుకుపోయింది. బిట్రగుంటలో పెద్ద లోకో షెడ్డు వెలిగిన రోజులవి. తర్వాత డీజిలు మోసింది, చివరికి ఆ మోత వదిలేసి పైనున్న తీగను పట్టుకుంది. లెగో రైలు దీనికి తలకిందులు. 1991లో లోహం పట్టాల్లోంచి కరెంటు తీసుకుంది, 2006 నుంచి మళ్లీ బ్యాటరీలు మోసుకుంటోంది, 2018 నుంచి బ్లూటూత్ మాట వింటోంది. పట్టా కరెంటు పోయిందని పాతకాపులు ఇప్పటికీ బాధపడతారు. సముద్రం పక్కన ఉండేవాళ్లం, మాకు ఆ బాధ లేదు. ఉప్పుగాలికి కిటికీ ఊచలే పొలుసులు రాలే చోట లోహం పట్టాను రోజూ ఎవరు తుడుస్తారు? మా ఇంజను నెత్తి మీద కూడా తీగను అందుకునే పాంటోగ్రాఫ్ ఉంది. ఏ తీగనూ తాకదు. తిరునాళ్లలో చెక్క కత్తిలాంటిది.

తీరంలో అసలు శత్రువు ఇసుక. రెండోది ఇంట్లో ఆడవాళ్ల తల వెంట్రుక. నేల మీద పడ్డ ఒక్క వెంట్రుక ఇరుసుకు చుట్టుకుందంటే, మోటారు మూలుగుతుంది గానీ కారణం కనపడదు. చక్రం ఊడదీసి సూదిమొనతో లాగాలి. మా ఇంట్లో ఆ పనికి అమ్మ సూదే వాడతాం, ఆమెకు చెప్పకుండా.

ఆరు వ్యాగన్లు అయ్యాక ముందు రెండూ ఖాళీగా ఉంచి, వెనక నాలుగింట్లో బొగ్గుకు బదులు చింతపిక్కలు నింపాం. నల్లగా నిగనిగలాడుతూ భలే కుదిరాయి. బండి కదిలింది, మలుపులో ముందు వ్యాగన్ లోపలి వైపు ఒరిగి పడింది. ఎత్తి పెట్టాం. మళ్లీ అక్కడే.

“ఏంది మామా, ఖాళీదే పడతా ఉండాది?”

“వెనకోళ్లు లాగతా ఉండారు గదరా, అది తేలిక.”

ఇంజను ముందుకు, బరువు వెనక్కు లాగుతుంటే మధ్యలో ఉన్న తేలికది అడ్డదారి చూసుకుంటుంది. నిజం గూడ్సుల్లోనూ ఈ ప్రమాదం ఉంది. నిండినవి ముందుకు, ఖాళీవి వెనక్కు మార్చాక బండి నిలబడింది. అయితే ఇంకో రెండు కట్టి ఎనిమిదో వ్యాగన్ తగిలించేసరికి వ్యాగన్లను కలిపే అయస్కాంతం కొక్కేలే విడిపోయాయి. పూర్తి 58 వ్యాగన్లు కడితే దాదాపు 14 మీటర్లు. ఇంజను వంటింట్లో ఉంటే తోక వీధిలో ఉంటుంది.

మావాడి తర్వాతి కోరిక రాపూరు సొరంగం. చెర్లోపల్లి, రాపూరుల మధ్య కొండల్ని తొలిచి, 2019 సెప్టెంబరు 1న మన జిల్లావాడే అయిన అప్పటి ఉపరాష్ట్రపతి వెంకయ్యనాయుడు ప్రారంభించిన 6.6 కిలోమీటర్ల సొరంగం అది. కృష్ణపట్నం బొగ్గు ఓబులవారిపల్లె వైపు పోయే దారి. అదే కొలతలో కట్టాలంటే దాదాపు 147 మీటర్లు, తిన్నటి పట్టాలు దాదాపు 1,150 కావాలి. వాడు ఆ లెక్క వేసుకుని కాసేపు మాట్లాడలేదు. తర్వాత ముఖద్వారం ఒక్కటీ కడదామన్నాడు, గుర్రపు నాడా ఆకారంలో, మంచం కింద చీకటిలోకి.

దానికంటే ముందు నిలువు పట్టీల సంగతి తేలాలి. మొన్న ఆదివారం మళ్లీ వెంకటాచలం వెళ్లాం. గూడ్సు ఆగకుండా దూసుకుపోయింది. వాడు ఏడు దాకా లెక్కపెట్టి తప్పిపోయాడు, నేను తొమ్మిదన్నాను. ఇద్దరికీ నమ్మకం కుదరలేదు. బల్ల మీద కూర్చుని వేరుశెనక్కాయలు ఒలుచుకుంటూ రేవు వైపు నుంచి తర్వాతి బండి ఎప్పుడొస్తుందా అని చూస్తున్నాం.