కాస్టిక్ సోడాను నీళ్లు చేసే గొట్టం

“ఉప్పులో ఉన్నది అయోడినా సార్, అయోడైడా?” అని తరగతిలో ఒకమ్మాయి అడిగింది. మన దేశంలో కలిపేది ఆ రెండూ కాదు, పొటాషియం అయోడేట్. అయితే అయోడేట్, అయోడైడ్ ఒకే నీళ్లలో కలిసి ఉంటే ఏది ఎంతుందో చెప్పడమెలా?

ధనావేశమున్న రెజిన్ పూసలు నింపిన సన్నని గొట్టంలోకి, కాస్టిక్ సోడా ద్రావణంతో పాటు వాటిని తోస్తారు. అయోడేట్ నీటి అణువులను గట్టిగా పట్టుకుని ఉంటుంది కనుక పూసల దగ్గర ఆగదు, ముందే బయటపడుతుంది. అయోడైడ్ లావుపాటిది, నీళ్లతో దానికి పొత్తు తక్కువ. పూసలకు అతుక్కుపోయి, ఎప్పటికో తోక ఈడ్చుకుంటూ వస్తుంది.

వచ్చిందని తెలిసేదెలా? అయాన్లు కరెంటును మోస్తాయి, దాన్ని కొలవొచ్చు. చిక్కల్లా ఏమిటంటే, తోస్తున్న కాస్టిక్ సోడా అంతకన్నా ఎక్కువ మోస్తుంది. పెళ్లి మేళంలో గుసగుస వినడమే!

1975లో అమెరికాలోని డౌ కెమికల్ శాస్త్రవేత్తలు హామిష్ స్మాల్, స్టీవెన్స్, బామన్ దీనికి విరుగుడు ప్రకటించారు. మొదటి గొట్టం తర్వాత ఇంకో గొట్టం పెట్టారు. ఇందులోని రెజిన్ నిండా హైడ్రోజన్ అయాన్లే. సోడియం ఇక్కడ చిక్కుకుని, దాని బదులు హైడ్రోజన్ విడుదలవుతుంది. హైడ్రాక్సైడ్‌తో హైడ్రోజన్ కలిస్తే? నీళ్లు! మేళం ఆగిపోయింది. అదే సోడియం అయోడైడ్ వస్తే, హైడ్రో అయోడిక్ ఆమ్లమై బయటికొస్తుంది. హైడ్రోజన్ అయాను సోడియం కన్నా దాదాపు ఏడు రెట్లు బాగా కరెంటు మోస్తుంది కనుక గుసగుస కాస్తా కేకవుతుంది. ఒకే గొట్టం శత్రువును చల్లార్చి, మిత్రుణ్ణి బలపరచింది. ఈ యంత్రంలో నాకు ముద్దొచ్చేది ఇదే.

1979లో అయోవా స్టేట్ యూనివర్సిటీ నుంచి ఫ్రిట్జ్ బృందం ఎదురు వాదించింది: రెండో గొట్టమెందుకు? అయాన్లను కొద్దిగానే పట్టుకునే రెజిన్ వాడితే, బాగా పలుచని బెంజోయేట్, థాలేట్ ద్రావణాలతోనే పని జరుగుతుంది, మేళం మొదటి నుంచీ చిన్నదే. మాట సబబే, సరంజామా కూడా తక్కువ. అయినా నా ఓటు స్మాల్‌కే.

ఆయన గొట్టానికీ లోపముంది. సోడియంతో నిండిపోతే ఆపి, ఆమ్లంతో కడగాలి. తర్వాత పొరల గొట్టాలు, విద్యుత్తుతో తమను తామే శుభ్రం చేసుకునేవి వచ్చాయి.

ఉప్పు దగ్గర మాత్రం ఈ తెలివి చాలదు. దుకాణంలో అమ్మే కిలో ఉప్పులో అయోడిన్ కనీసం 15 మిల్లీగ్రాములుండాలని నిబంధన. క్లోరైడ్ సుమారు 600 గ్రాములు! కరెంటు కొలిచే డిటెక్టర్ ఆ క్లోరైడ్‌లో మునిగిపోతుంది. అందుకని అయోడేట్‌ను ముందు అయోడైడ్‌గా మార్చి, 226 నానోమీటర్ల అతినీలలోహిత కాంతిలో చూస్తారు. ఆ కాంతిని అయోడైడ్ మింగుతుంది, క్లోరైడ్ పట్టించుకోదు.