పళ్ళెములోని ఫ్రెంచి మాటలు

ఇంగ్లీషు చదువుకొను బాలికలు తల్లులను తఱచుగా నడుగు ప్రశ్న యొకటి కలదు. దొడ్డిలో నున్నంతవఱకు ‘షీప్’ అనఁబడు గొఱ్ఱె, పళ్ళెములోనికి రాఁగానే ‘మటన్’ ఎట్లయ్యెను? ‘పిగ్’ అను పంది ‘పోర్క్’ ఎట్లయ్యెను?

క్రీ. శ. 1066 లో నార్మండీ ప్రభువగు విలియము ఇంగ్లండును జయించెను. పిదప రాజసభయందును ప్రభువుల విందులయందును ఫ్రెంచియే వినఁబడుచుండెను. పశువులను మేపినవారు ఇంగ్లీషువారు. కూర్చుండి భుజించినవారు ఫ్రెంచి మాటలాడువారు. 1819 లో వెలువడిన ‘ఐవన్‌హో’ నవలలో స్కాటు ఈ సంగతినే యొక విదూషకునిచేతఁ బందులకాపరికిఁ జెప్పించెను. అయినను ఈ భేదము ఒక్కనాఁట నేర్పడలేదు. బహుకాలము ఆ ఫ్రెంచి మాటలు బ్రదికియున్న జంతువులకును వాడఁబడెను. మన దేశమున మేకమాంసమును సైతము మటనే యనుచున్నాము గదా!

సూపు, సాసు, ఆమ్లెట్టు, మెనూ — ఇవన్నియు ఫ్రెంచి వంటయింటినుండి వచ్చినవే. ‘కట్లెట్టు’ అను మాట వినఁగానే కోయుట యను నర్థమున్నట్లు తోఁచును గాని, ఫ్రెంచిలో దాని యర్థము చిన్న ప్రక్కటెముక. బంగాళాదుంపలతో మనము చేయు కట్లెట్టులో నెముక యెక్కడిది? ‘షెఫ్’ అనఁగాఁ బెద్ద, అధిపతి. జన్మమంతయుఁ బొయ్యి యెదుట గడపిన యిల్లాలిని మాత్ర మా పేర నెవరును బిలువరైరి. ఆ గౌరవము జీతము గొని వండు పురుషునికే చాలకాలము దక్కెను.

సంగీతమున ఫ్రెంచివారి పాలు కొంచెమే. పియానో, ఒపెరా మొదలగునవి ఇటలీ మాటలు. నాట్యమున నట్లు కాదు. బాలే నృత్యము ఇటలీ రాజసభలలోఁ బుట్టినను, ఫ్రాన్సులోఁ బెరిగెను. 1661 లో పదునాలుగవ లూయీ రాజు నాట్యమునకొక పరిషత్తును స్థాపించెను. అందువలన లండనులో నేర్పినను, మాస్కోలో నేర్పినను అడుగుల పేళ్ళు ఫ్రెంచివే. ఇంగ్లీషువారి చెవికవి గంభీరముగా నుండును గాని, నిజమునకు మిక్కిలి సామాన్యమైన మాటలు: ‘ప్లియే’ యనఁగా వంగినది, ‘జెతే’ యనఁగా విసరినది, ‘సోతే’ యనఁగా గెంతినది.

ఈ ‘సోతే’ వంటయింటను గలదు. మనము కూరముక్కలను గరిటెతోఁ గలియఁబెట్టి వేఁపుదుము. ఫ్రెంచి వంటవాఁడు పెనము పిడి పట్టుకొని, కాఁగిన వెన్నలో ముక్కలు గెంతునట్లు ఎగురవేయును. అందుచేత నా వేఁపుడునకును అదే పేరు.